రెండో కాపలా

ముందు పాదాలతో మొదలుపెట్టాను.
మొహంతో మొదలెట్టాలని చదివాను గానీ
మొహం నా వల్ల కాలేదు.

కేశనపల్లి అవతల మూడెకరాల రొయ్యల చెరువు.
నాన్నది రాత్రి కాపలా.
నాది ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ,
పాకలో బల్ల మీద చదువుకుంటున్నానని పేరు.
తెల్లారేదాకా నాలుగు ఏరేటర్లు నీళ్లని చిలుకుతాయి.
ఆ చప్పుడులో కళ్లు మూసుకుని కూచుంటే
అడిగేవాళ్లుండరు.

తుల్పా అంటారట దాన్ని, టిబెట్ వాళ్ల మాట.
రోజూ గంటసేపు ఒకే మనిషిని చూడగా చూడగా
ఒకనాడు వాడే మనల్ని చూస్తాడట.
నవ్వొచ్చింది. ఆ రాత్రే కూచున్నాను.

చిటికెనవేలి గోరు పెడితే బొటనవేలిది పోయేది.
మూడో రోజుకి నిలబడ్డాయి, చీలమండల దాకా,
గట్టు మీద ఎవరో విడిచిపోయిన చెప్పుల్లాగా.
ఒండ్రులో నడిపించాను. ముద్ర పడలేదు.
బురద అంటలేదు.
రొయ్యల చెరువు దగ్గర శుభ్రమైన కాళ్లు!
అబద్ధమని అక్కడే తెలిసిపోయింది.

అయినా మోకాళ్లు పెట్టాను. లుంగీ కట్టాను.
చేతులు తొందరగానే వచ్చాయి,
మేత చల్లే చేతులు నాకు తెలుసు.

మొహమే.
చెవులు పెట్టబోతే సఖినేటిపల్లి రేవులో
పంటు మీద టికెట్లు కోసే మనిషి చెవులొచ్చేవి.
కళ్లు జువాలజీ సారువి.
నవ్వు ఎవరిదో చెప్పను. కాలేజీ బస్సు, మూడో సీటు.
ఎవరివి వాళ్లకి తిరిగిచ్చేసి
ఖాళీ మొహంతో పన్నెండు రాత్రులు.

సువార్తత్త లేసు అల్లుతుంటే అడిగాను,
పువ్వు ఎక్కణ్ణుంచి మొదలెడతావని.
"పువ్వేంట్రా, నేనల్లేది చిల్లులు.
చిల్లు చుట్టూ దారం తిప్పితే పువ్వని మీరంటారు"
అంది, సూది ఆపకుండానే.
షావుకారు లెక్కలో చిల్లులకి డబ్బుల్లేవని కూడా అంది.

ఆ రాత్రి మొహం పెట్టలేదు.
మొహం ఉండాల్సిన చోటు చుట్టూ తిరిగాను:
జుట్టు, మెడ, మెడ మీద ఉప్పుగాలి,
చూరుకి వేలాడే బల్బు వెలుగు.
మధ్యలో దేన్నీ ముట్టుకోలేదు.
మామూలు మాటలే చెప్పాను.
తెల్లమచ్చ తెగులొచ్చి పక్క చెరువు పోయిందని,
నాన్న అప్పు సంగతి నాకు తెలుసని,
తెలుసని నాన్నకి తెలీదని.
నిద్రొస్తోందా, అని ఊరికే అడిగాను.

"ఆయ్."

ఏరేటరు రెక్క నీళ్లని కొట్టిన చప్పుడే కావచ్చు.
ఇన్నాళ్లూ పెద్ద మాటేదో అంటాడనుకున్నాను.
మన కోనసీమ ఆయ్. కాస్త బొంగురుగా,
నా వయసువాడికి ఎవరూ ఇవ్వని మర్యాదతో.
వెన్ను జల్లుమంది.

"ఎవర్రా దానియేలూ? ఎవరితో?"
అవతలి గట్టు మీంచి నాన్న టార్చి.
వెలుగు నా మీద పడి, పక్కన బల్ల మీద పడి,
నీళ్ల మీదికి జరిగింది.
"ఎవరూ లేరు నాన్నా" అన్నాను.
అనగానే బల్ల రెండో కొస తేలికైంది.

అయిదు రాత్రులు రాలేదు.
పిలుద్దామంటే పేరైనా పెట్టలేదు కదా.
కెమిస్ట్రీ పుస్తకం తెరిచి నిజంగానే చదివాను,
అంత కోపం.

ఆరో రాత్రి కరెంటు పోయింది.
ఏరేటర్లు ఒక్కొక్కటే ఆగి
చెరువు మొత్తం ఒక్కసారిగా వినపడింది.
నాన్న జనరేటరు వైపు, డీజిల్ క్యానుతో నేను వెనక,
గట్టు జారుతోంది, పడి లేచాం.
టార్చి వేస్తే, గాలి కోసం పైకొచ్చిన రొయ్యల కళ్లు
నీళ్ల నిండా నిప్పురవ్వలు.
నాలుగోసారి లాగితే ఇంజను అందుకుంది.

తిరిగొచ్చి కళ్లు మూసుకున్నాను.
సిగ్గుపడుతూ, మళ్లీ మొదట్నుంచి, పాదాలు.
పది వేళ్లు. గోళ్లు.
చీలమండల దాకా బురద.

నేను పెట్టలేదది.
బల్ల మీద కొంచెం జరిగాను.